వెస్ మాంట్‌గోమరీ ‘ఫుల్ హౌస్’ పునర్ముద్రణ ఎల్పీ శ్రుతి తగ్గి వినిపిస్తోంది: లోపం రికార్డుదేనా?

పెదవాల్తేరు పాఠకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జాజ్ గిటార్ వాద్యకారుడు వెస్ మాంట్‌గోమరీ 1962 జూన్ 25న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, త్సుబో అనే కాఫీ హౌసులో శ్రోతల ఎదుట చేసిన కచేరీని రివర్‌సైడ్ సంస్థ ‘ఫుల్ హౌస్’ పేరుతో ఎల్పీగా తెచ్చిన సంగతి ఇక్కడ చాలామందికి తెలిసినదే. దానికి 1980లలో వచ్చిన పునర్ముద్రణ ఒకటి కిందటి నెల నా చేతికి వచ్చింది. హైదరాబాదులో పాత రికార్డులు అమ్మే ఒకాయన దగ్గర 4,200 రూపాయలు పెట్టి కొన్నాను. అట్ట అంచులు కొంచెం నలిగాయి గాని, రికార్డు మీద చెప్పుకోదగ్గ గీతలు లేవు; సముద్రం పక్క ఇళ్లలో పాత రికార్డులకు పట్టే తెల్లటి బూజు కూడా లేదు. చూడడానికి చాలా బాగుంది. చిక్కంతా వినడంలోనే వచ్చింది.

ముందుగా నా దగ్గరున్న సరంజామా గురించి చెప్పాలి. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనమామ ఇల్లు మారుతూ, తాను కుర్రతనంలో కొనుక్కున్న బెల్టు టర్న్‌టేబుల్‌ను నాకు పంపించారు. అది 115 వోల్టులది, మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుందని ఫోనులో ఒకటికి నాలుగుసార్లు హెచ్చరించారు. అందువల్ల జగదాంబ దగ్గర ఒక కొట్టులో 230 వోల్టులను 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాని ద్వారానే నడుపుతున్నాను. కొత్త బెల్టు వేశాను, సూది కూడా కొత్తదే.

మొదటి వారం రోజులు నాకు ఏ అనుమానమూ రాలేదు. ఎల్పీ శబ్దంలో ఒక వెచ్చదనం ఉంటుందని ఏళ్ల తరబడి చదువుతూ వచ్చినవాణ్ణి కాబట్టి, గిటార్ కాస్త బొంగురుగా, నిదానంగా వినిపిస్తుంటే ఆ వెచ్చదనం ఇదే కాబోలునని మురిసిపోయాను. పైగా మాంట్‌గోమరీ పిక్ వాడకుండా బొటనవేలితో తీగను మీటేవాడు. ఆ మెత్తదనం వేలిదేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అనుమానం పుట్టించింది మాత్రం జానీ గ్రిఫిన్. టెనార్ శాక్సఫోన్ మీద మెరుపు వేగానికి పేరుపడ్డ మనిషి ఆయన. నా రికార్డులోనేమో సాయంత్రం పూట బీచ్ రోడ్డు మీద నడకకు బయలుదేరిన పెద్దమనిషిలా ఉన్నాడు. అప్పుడు ఫోనులో అదే ఆల్బమ్ పెట్టి పక్కపక్కన విన్నాను. తేడా చిన్నది కాదు. ఫోనులో వినిపించే టెనార్ నా ఎల్పీలో దాదాపు అంతకన్నా మంద్రంగా మోగే బారిటోన్ శాక్సఫోన్ అయిపోయింది.

వేగం తప్పిందేమోనని వెంటనే పరీక్షించాను. మామయ్య టర్న్‌టేబుల్‌తో పాటు ఒక స్ట్రోబ్ డిస్కు కూడా పంపారు. అంచు చుట్టూ నల్లగీతలున్న అట్ట బిళ్ల అది. ట్యూబ్‌లైటు వెలుతురులో తిరుగుతున్నప్పుడు గీతలు నిలిచినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు లెక్క. మా హాలులో పాత చోకు ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. గీతలు గోడకు కొట్టిన మేకుల్లా కదలకుండా నిలబడ్డాయి. కనుక టర్న్‌టేబుల్ వేగంలో లోపం లేదని తేలింది.

ఇక మిగిలింది రికార్డే. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్పీలో మొదటి వైపు మొత్తం దశాబ్దాల పాటు తప్పు వేగంతో అచ్చవుతూ వచ్చిందని ఎక్కడో చదివాను. ఈ పునర్ముద్రణలోనూ అటువంటి పొరపాటే జరిగి ఉంటుందా? నా దగ్గరున్న మరో ఎల్పీ మా నాన్నగారు ఎప్పుడో కొన్న వీణ కచేరీ ఒక్కటే. అది నాకు బాగానే వినిపిస్తోంది. హైదరాబాదు ఆయనకు రికార్డు తిప్పి పంపుతానని ఉత్తరం రాసి ఉంచాను. పంపే ముందు మీ అభిప్రాయం అడగడం మంచిదనిపించింది.


మర్రిపాలెం శ్రోత:

ఆ ఉత్తరాన్ని ఒక్క వారం ఆపండి. రికార్డులో దోషం ఉందంటే నమ్మడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకో చెబుతాను.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతి నిజమే. 1959లో ఆ రికార్డింగ్ జరిగినప్పుడు మొదటి వైపు మూడు రచనలను పట్టిన ప్రధాన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా నడిచింది. ఆ టేపును సరైన వేగంతో తిరిగి నడిపితే సంగీతం కొంచెం హెచ్చు శ్రుతిలో వచ్చేది. పక్కనే నడిచిన రెండో యంత్రపు టేపు ఆధారంగా 1992లో దాన్ని సవరించారు. అయితే ఆ తేడా ఎంతని? పక్కన వాద్యం పెట్టుకుని రికార్డుతో పాటు వాయించేవాళ్లకు తప్ప మామూలు శ్రోతకు పట్టనంత స్వల్పం. టెనార్‌ను బారిటోన్ చేసేంత తేడా అక్కడ లేదు. (సరదాకు చెబుతున్నాను: మీ ‘ఫుల్ హౌస్’లో వాయించిన వింటన్ కెల్లీ, పాల్ చేంబర్స్, జిమ్మీ కాబ్ ముగ్గురూ ఆ ఆల్బమ్‌లోనూ ఉన్నారు. కెల్లీ మాత్రం ఒక్క రచనలోనే. 1962 నాటికి ఆ ముగ్గురూ మైల్స్ డేవిస్ బృందంలోని వాళ్లే.)

రెండో కారణం యంత్రాలకు సంబంధించినది. స్టూడియో టేపు యంత్రాలకు సెకనుకు ఏడున్నర, పదిహేను, ముప్పై అంగుళాల వేగాలు ఉంటాయి. ఒక్కొక్కటి అంతకు ముందుదానికి సరిగ్గా రెట్టింపు. ఎవరైనా పొరపాటున మీట తప్పుగా నొక్కితే సంగీతం ఒక స్థాయి మొత్తం కిందికో పైకో పోతుంది గాని, మీరు చెబుతున్నట్టు మధ్యలో ఎక్కడో ఆగదు. అంత తేడాతో, రికార్డుల అచ్చుకు మూలమైన లక్క పళ్లెం మీద గాడి చెక్కుతుంటే అక్కడ కూర్చున్నవాడికి తెలియకుండా ఉండడమూ అసాధ్యం.

పునర్ముద్రణలనగానే ముందు వాటినే అనుమానించడం మనవాళ్లకు అలవాటు. రివర్‌సైడ్ 1964లోనే దివాలా తీసింది. టేపులు చేతులు మారాయి. ఆ తరవాత వచ్చిన పునర్ముద్రణలే లేకపోతే ఈ సంగీతం మన తరానికి అందేదే కాదు. తొలి ముద్రణకూ 1980ల ముద్రణకూ తేడాలు ఉంటాయి, లేవనను. తాళాల మీద మెరుపు కాస్త తగ్గవచ్చు, బాస్ కాస్త ముందుకు రావచ్చు. శ్రుతి మాత్రం మారదు.

అయితే మీ స్ట్రోబ్ డిస్కు గీతలు నిలబడ్డాయంటున్నారు. అదే నాకు కొరుకుడు పడడం లేదు. కొత్త బెల్టు వదులై జారుతోందేమో అందామనుకున్నాను. బెల్టు జారితే గీతలు వెనక్కి పాకాలి. సమాధానం తెలిసినవారు ఎవరైనా చెప్పాలి.


శ్రుతిపెట్టె:

నాకు జాజ్ గురించి తెలిసింది తక్కువ. ముప్పై ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను కాబట్టి శ్రుతి గురించి మాత్రం ఒక మాట చెప్పగలను. “తగ్గింది”, “బొంగురుగా ఉంది” అని మాటల్లో చెబితే ఎవరూ ఏమీ తేల్చలేరు. ఎంత తగ్గిందో కొలిచి చెప్పండి.

మా అబ్బాయిని అడిగితే, ఆ ఎల్పీ మొదటి వైపు చివర వచ్చే ‘బ్లూ ఎన్ బూగీ’ అనే రచనకు ఆధారం బి ఫ్లాట్ అని చెప్పాడు. మన లెక్కలో అది ఆరున్నర శ్రుతి. మీకు తెలిసినవారి ఇంట్లో హార్మోనియం ఉంటే తెచ్చుకుని, ఆ రచన నడుస్తుండగా ఆధార షడ్జం ఏ మెట్టు మీద కూర్చుంటుందో వెతకండి. అదీ కాక, ప్లేటు మీద ఒక చిన్న కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ మూడు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నిమిషానికి 33 1/3 చుట్ల లెక్కన మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు రావాలి. దీనికి ఏ డిస్కూ అక్కర్లేదు.

వీణ ఎల్పీ బాగానే ఉందన్న మీ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు, కోపగించుకోకండి. మన సంగీతంలో వాద్యానికి శ్రుతి ఇంతే ఉండాలన్న కట్టడి లేదు. ఎవరి సౌకర్యం కొద్దీ వారు కట్టుకుంటారు. అందువల్ల వీణ మొత్తంగా కిందికి దిగినా, మంద్రంలో గంభీరంగా ఉందని ఆనందిస్తారే గాని తప్పు పట్టరు. వీణకు సాధారణంగా రెండున్నర, మూడు శ్రుతుల ప్రాంతంలో కడతారు. మీ ఎల్పీలో ఎంత ఉందో అదీ చూడండి.


పెదవాల్తేరు పాఠకుడు:

శ్రుతిపెట్టె గారూ, మీరు చెప్పినవన్నీ నిన్న సాయంత్రం చేశాను. ఎదురింటివారి హార్మోనియం తెచ్చాను. ‘బ్లూ ఎన్ బూగీ’ ఆధార షడ్జం ఐదు శ్రుతికి పిసరంత కింద పడుతోంది. అంటే ఆరున్నర నుంచి చూస్తే మూడు స్వరస్థానాల పైచిలుకు దిగిపోయింది. ఫోనులో తొమ్మిదింబావు నిమిషాలున్న ‘ఫుల్ హౌస్’ రచన నా ఎల్పీలో పదకొండు నిమిషాలు దాటి మరికొన్ని సెకన్లు సాగింది. కాగితం ముక్క మూడు నిమిషాల్లో నూరు సార్లు రావలసింది, ఎనభై మూడు సార్లే వచ్చింది. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టాను.

మీ అనుమానం కూడా నిజమే. వీణ ఒకటిన్నర శ్రుతికి కూడా కాస్త కిందే ఉంది. నెల రోజులుగా దాని గాంభీర్యాన్ని వచ్చినవారందరికీ వర్ణించి చెబుతున్నాను. ఇప్పుడు వారి ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

కనుక రికార్డు నిర్దోషి, టర్న్‌టేబులే నెమ్మదిగా తిరుగుతోంది. అయితే స్ట్రోబ్ డిస్కు గీతలు ఇప్పటికీ కదలకుండా నిలబడే ఉన్నాయి. గడియారం, డిస్కు, ఈ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో నాకు బోధపడలేదు.


ఒడ్డు కరెంటు:

మీ డిస్కు అబద్ధం చెప్పడం లేదు. అది అమెరికా భాషలో నిజం చెబుతోంది.

నేను ఈ ఊళ్లో ఓడల ఎలక్ట్రికల్ పనిలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఈ తగాదా మాకు రోజూ ఉండేది. ఓడలో సొంత జనరేటర్లు సాధారణంగా 440 వోల్టులు, 60 హెర్ట్జులు (అంటే సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు) ఇస్తాయి. ఓడ రేవులో ఆగినప్పుడు ఒడ్డు నుంచి కరెంటు ఇస్తే అది మన దేశపు 50 హెర్ట్జులది. వోల్టేజి సరిచూసుకుని తగిలించినా, ఓడలో పంపులూ ఫ్యాన్లూ అన్నీ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతాయి. వోల్టు ఎంతన్నది అందరూ అడుగుతారు, హెర్ట్జు ఎంతన్నది అడగడం మరిచిపోతారు. మీకు జరిగిందీ అదే.

మీ మేనమామ గారి టర్న్‌టేబుల్లో ఉన్నది ఏసీ సింక్రనస్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది వోల్టేజి కాదు, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అలా ఊగుతుందన్నదే, అంటే హెర్ట్జులే. మీరు కొన్న ట్రాన్స్‌ఫార్మర్ 230ని 110 చేస్తుంది. 50ని 60 చేయలేదు. ఏ ట్రాన్స్‌ఫార్మరూ చేయలేదు. కాబట్టి నిమిషానికి 33 1/3 చుట్లు తిరగవలసిన ప్లేటు అందులో ఆరింట అయిదు వంతులు, అంటే 27.8 చుట్లు తిరుగుతోంది. మూడు నిమిషాలకు 83 చుట్లన్న మీ లెక్క ఇందుకు అతికినట్టు సరిపోయింది. శ్రుతి మూడు స్వరస్థానాలకు కాస్త పైగా దిగడం, తొమ్మిదింబావు నిమిషాల రచన పదకొండు దాటడం, అన్నిటికీ ఆ ఒక్క భిన్నమే మూలం.

ఇక డిస్కు సంగతి. ట్యూబ్‌లైటు మనకు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపించినా, 50 హెర్ట్జుల కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఒక మినుకుకూ మరో మినుకుకూ మధ్య ప్రతి గీతా సరిగ్గా పక్క గీత ఉన్న చోటికి జరిగితే, కంటికి గీతలు కదలనట్టే ఉంటుంది. మన కరెంటు మీద 33 1/3 వేగానికి అలా జరగాలంటే డిస్కు మీద 180 గీతలు ఉండాలి. అమెరికాలో వెలుతురు సెకనుకు 120 సార్లు మినుకుతుంది కాబట్టి అక్కడి డిస్కుకు 216 గీతలు ఉంటాయి. ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది చూడండి: 216 గీతల డిస్కు నిమిషానికి 27.8 చుట్ల వేగంతో తిరిగితే సెకనుకు సరిగ్గా 100 గీతలు దాటుతాయి. మీ ట్యూబ్‌లైటు మినుకులూ 100. గీతలు నిలబడక ఏం చేస్తాయి? మోటారు ఏ నిష్పత్తిలో తగ్గిందో వెలుతురూ అదే నిష్పత్తిలో తగ్గింది. దొంగా సాక్షీ ఒకే ఊరివాళ్లైతే సాక్ష్యం ఇలాగే ఉంటుంది.

డిస్కు మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాలతో 60 అని ముద్రించి ఉండాలి, చూడండి. ఒకవేళ లేకపోతే కూర్చుని గీతలు లెక్కపెట్టండి, 216 వస్తాయి.

మరో హెచ్చరిక కూడా ఉంది. 60 హెర్ట్జులకు చుట్టిన మోటారును దాదాపు అదే వోల్టేజి దగ్గర 50 మీద నడిపితే అది ఎక్కువ కరెంటు లాగి, మామూలుకంటే వేడెక్కుతుంది. ఒకటి రెండు ఎల్పీలకు ఏమీ కాదు గాని, రోజంతా వదిలేయకండి. గంట నడిచాక చేత్తో ముట్టుకుని చూడండి.


సీతమ్మధార స్పీకర్:

ఒడ్డు కరెంటు గారి విశ్లేషణకు నమస్కారం. నాకూ ఇలాంటి యంత్రం ఒకటి ఉండేది. నేను పట్టిన దారి వేరు: 60 హెర్ట్జుల కరెంటును తయారుచేసి ఇచ్చే చిన్న సరఫరా పెట్టె ఒకటి తెలిసినవారితో చేయించుకున్నాను. దాంతో మోటారుకు తాను అమెరికాలోనే ఉన్నానన్న భ్రమ కలుగుతుంది, వేడీ ఎక్కదు. వేగాన్ని వెంట్రుకవాసి హెచ్చుతగ్గులు చేసుకునే వీలు కూడా ఉంటుంది. కాకపోతే ఖర్చు ఎక్కువ. ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడే చవకరకం ఇన్వర్టరును మాత్రం ఇందుకు వాడకండి. దాని అలలు మెట్లుమెట్లుగా ఉంటాయి, మోటారు తుమ్మెదలా రొద పెడుతుంది, ఆ రొద సూది దాకా పాకుతుంది.


ఒడ్డు కరెంటు:

పెట్టె మంచిదే. అయినా బెల్టు యంత్రానికి అంతకన్నా చవకైన మార్గం పుల్లీ మార్చడం. మోటారు కొన మీద బెల్టు తిరిగే చిన్న ఇత్తడి పుల్లీని ఆ మేరకు లావుగా చేస్తే, మోటారు నెమ్మదిగా తిరిగినా ప్లేటు సరైన వేగం అందుకుంటుంది. ఆ రోజుల్లో తయారీదార్లే దేశాన్ని బట్టి రెండు రకాల పుల్లీలు ఇచ్చేవారు. ఇప్పుడు దొరకకపోతే ఆటోనగర్‌లో లేత్ పని తెలిసినవాడు అరగంటలో చేసి ఇస్తాడు.

కొలత దగ్గర ఒక మెలిక ఉంది. పాత పుల్లీ వ్యాసాన్ని 1.2తో హెచ్చవేస్తే చాలదు. బెల్టుకు కూడా మందం ఉంటుంది కదా. వేగాన్ని నిర్ణయించేది పుల్లీ ఉపరితలం కాదు, బెల్టు మందంలో సగం దగ్గర ఊహించుకునే గీత. ఉదాహరణకు పాత పుల్లీ 15.8 మిల్లీమీటర్లు, బెల్టు 1 మిల్లీమీటరు అనుకోండి. ముందు రెండూ కూడి 16.8 చేయాలి. దాన్ని 1.2తో హెచ్చిస్తే 20.16. అందులోంచి బెల్టు మందం 1 తీసేస్తే 19.16. బెల్టును మరిచిపోయి నేరుగా హెచ్చిస్తే 18.96 వస్తుంది. ఆ 0.2 మిల్లీమీటరు తేడాకే వేగం ఒక శాతం తగ్గుతుంది. అది అర స్వరంలో ఆరో వంతు. శ్రుతిపెట్టె గారు ఊరుకోరు.

పుల్లీని ఇత్తడితోనే చేయించండి. మీ పెదవాల్తేరు గాలికి ఇనుము ఒక్క వానాకాలం కూడా ఆగదు. రంధ్రం సరిగ్గా నడిమధ్య పడాలని లేత్ అతనికి గట్టిగా చెప్పండి. అది పక్కకు జరిగితే మోటారు తిరిగే ప్రతి చుట్టుకూ శ్రుతి వణుకుతుంది.


మర్రిపాలెం శ్రోత:

ఇందాక బెల్టు మీద నెపం వేయబోయి ఆగినందుకు సంతోషిస్తున్నాను. పెదవాల్తేరు గారూ, పుల్లీ వచ్చాక రెండో వైపు మొదట ఉన్న ‘కరీబా’తో మొదలుపెట్టండి. జిమ్మీ కాబ్ డ్రమ్ముల మీద నడిపే ఆ లాటిన్ నడకకు వేగం ఒక్క పిసరు తగ్గినా ప్రాణం పోతుంది. అది మీరింకా విననట్టే లెక్క.


పెదవాల్తేరు పాఠకుడు:

రెండు వారాల తరవాత రాస్తున్నాను. ముందుగా, డిస్కు మధ్యలో రంధ్రానికి ఆనుకుని 60 అని ముద్రించి ఉంది. అది ధర కాబోలునని అనుకున్నాను. ఎన్ని సెంట్లకు కొన్నారో మామయ్యను అడుగుదామని కూడా అనుకున్నానంటే నా తెలివి మీకు అర్థమవుతుంది.

ఆటోనగర్‌కు పాత పుల్లీ, బెల్టు రెండూ పట్టుకుని వెళ్లాను. నా పుల్లీ 16.1 మిల్లీమీటర్లు, బెల్టు 0.9. ఒడ్డు కరెంటు గారి పద్ధతిలో లెక్కవేస్తే కొత్తది 19.5 రావాలి. లేత్ అతను బస్సుల ఇరుసులు చెక్కే చేతితో ఈ బటాణీ గింజంత పని చేయడానికి ముందు నవ్వాడు గాని, మొదలుపెట్టాక కళ్లద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు. బెల్టు జారకుండా పాత పుల్లీకి నడుమ సన్నని ఉబ్బు ఉందని నేను గమనించనే లేదు, అతనే చూసి కొత్తదానికీ పెట్టాడు. 350 రూపాయలు తీసుకున్నాడు.

కాగితం ముక్క మళ్లీ అంటించి లెక్కపెట్టాను. నూరో చుట్టు మూడో నిమిషం ముగియడానికి పావు సెకను ముందే వచ్చింది; అంత తేడా నా వేలి తొందర వల్ల కూడా రావచ్చు. హార్మోనియం మీద ‘బ్లూ ఎన్ బూగీ’ ఆరున్నర శ్రుతి మెట్టు మీద సరిగ్గా కూర్చుంది. స్ట్రోబ్ డిస్కు గీతలు మాత్రం ఇప్పుడు కంటికి ఆననంతగా పరుగులు తీస్తున్నాయి. 180 గీతల డిస్కును కంప్యూటర్‌లో గీయించి అచ్చు వేసుకున్నాను, దాని గీతలు నిలబడ్డాయి.

మర్రిపాలెం గారూ, ‘కరీబా’తోనే మొదలుపెట్టాను. మీ మాట నిజం. ఇంతకు ముందు నాకు కాబ్ చేతులు మాత్రమే వినిపించేవి, ఇప్పుడు మొత్తం శరీరం వినిపిస్తోంది. మాంట్‌గోమరీ ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి మీటే అష్టకాల దగ్గర ఒక విషయం గమనించాను. నెమ్మదిగా తిరిగినప్పుడు ఆ రెండు తీగలు ఒకదాని వెనక ఒకటి మోగినట్టు కాస్త విడివిడిగా వినిపించేవి; బొటనవేలు మీటడంలోని ఆ ఆలస్యమే నాకు “వెచ్చదనం”గా తోచి ఉంటుంది. ఇప్పుడు రెండూ ఒక్క దెబ్బకు పడుతున్నాయి. గ్రిఫిన్ సంగతి చెప్పనక్కర్లేదు. బీచ్ రోడ్డు పెద్దమనిషి ఇప్పుడు బస్సు అందుకోవడానికి పరుగెడుతున్నాడు. రచనల మధ్య శ్రోతల చప్పట్లలో కూడా తేడా తెలిసింది. ఇదివరకు తడిబట్టలు దులిపినట్టుండేవి, ఇప్పుడు చప్పట్లలాగే ఉన్నాయి.

సీతమ్మధార గారూ, మీ పెట్టె గురించీ ఆలోచిస్తున్నాను, ఎందుకంటే మోటారు వేడి మాత్రం తగ్గలేదు. గంట నడిచాక చెయ్యి పెడితే గోరువెచ్చని కాఫీ గ్లాసులా ఉంటోంది. ప్రస్తుతానికి ఒక వైపు అయ్యాక ఆపి, పది నిమిషాలు విరామం ఇస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 110 బదులు 95 వోల్టుల దాకా తీసుకుంటే నయమేమోనని ఒడ్డు కరెంటు గారిని అడగాలి.

హైదరాబాదు ఆయనకు రాసిన ఉత్తరం చింపేశాను. వీణ ఎల్పీ మా అమ్మ ముందు పెట్టాను. రెండు నిమిషాలు విని, “మొన్నటిదాకా పెట్టింది వేరే ఆయనదా?” అని అడిగింది.


ఒడ్డు కరెంటు:

95 దాకా దించవచ్చు, అదే సరైన పద్ధతి. హెర్ట్జులు ఏ నిష్పత్తిలో తగ్గితే వోల్టులూ అదే నిష్పత్తిలో తగ్గితే మోటారు చల్లగా ఉంటుంది: 115లో ఆరింట అయిదు వంతులంటే 96 దగ్గర. ట్యాపింగులున్న, అంటే రకరకాల వోల్టేజీలు తీసుకునే వీలున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇవ్వమని అడగండి. ప్లేటు మొదట కదలడానికి ఇబ్బంది పడితే వేలితో చిన్న తోపు తోయండి.